నాన్నా, పడుకున్నావా?

విశాఖ కూర్మన్నపాలెంలో మా వీధిలోకి ఏ గంటకు ఏ బండి వస్తుందో కళ్ళు మూసుకునే చెప్పగలను. ఎనిమిదింపావుకి ఉల్లిపాయల ఆటో, మైకులో ఒకటే రికార్డు. తొమ్మిదిన్నరకి పాత ఇనప సామాన్లు కొనేవాడు. వాడు అటు వెళ్ళగానే ఎదురింటివాళ్ళ కుక్క ఓ పావుగంట మొరుగుతుంది. అన్నిటినీ తట్టుకుని కాస్త కన్ను మూతపడిందీ అనుకునేసరికి, స్కూలు లేని రోజైతే, మా పెద్దది చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అడుగుతుంది.

"నాన్నా, పడుకున్నావా?"

పడుకున్నానంటే "మరి మాట్లాడుతున్నావేంటి?" అంటుంది. మాట్లాడకపోతే వేలితో నా కనురెప్ప ఎత్తి చూస్తుంది.

నాది స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. ఏ షిఫ్టు ఆరు నుంచి రెండు, బీ రెండు నుంచి పది, సీ రాత్రి పది నుంచి ఉదయం ఆరు. పెళ్ళికి ముందు సీ షిఫ్టంటే నాకు పండగే. చల్లగా ఉంటుంది, దిగి వచ్చి మధ్యాహ్నం మూడింటిదాకా పడుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు ఇంట్లో నాలుగున్నరేళ్ళ కూతురు, ఇరవై నెలల కొడుకు. టీకాకి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారు చెప్పారు, చిన్నోడి వయసుకి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలట, పెద్దదానికి 10 నుంచి 13. నేను బుద్ధిగా తలూపాను. మరి పిల్లల తండ్రికి ఎన్ని గంటలో అడగబోయి ఊరుకున్నాను.

కిటికీలకి నల్లగుడ్డ కట్టాను. కూలరు కొంటే ఆ చప్పుడులో మిగతా చప్పుళ్ళు కలిసిపోతాయని ఎవరో సలహా ఇచ్చారు. విశాఖ ఉక్కపోతలో కూలరా! గాల్లో ఉన్న తేమ చాలక ఇంకొంచెం తేమ కొనుక్కున్నట్టు. నెల తిరక్కుండా అది అటక మీదికెక్కింది.

నా నిద్రకు అసలు ఖర్చు పెడుతున్నది మాత్రం మా ఆవిడ. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. మోటారు మిషను తొక్కితే పక్క గదిలో నా మంచం కూడా అదురుతుంది. అందుకని నేను పడుకున్నంతసేపూ చీరలకి ఫాల్స్ వేయడం, హుక్కులు కుట్టడం, చేతి పనే. నేను లేచాక మిషను. శ్రావణమాసం ముందు ఆర్డర్లు గుట్టగా పడి ఉంటే, పళ్ళ మధ్య దారం పెట్టుకుని గడియారం వంక చూస్తూ కూర్చునేది. "ఇంకో గంట పడుకోండి, పర్లేదు" అనేది. పర్లేదు అనే మాటలో ఎన్ని బ్లౌజులు ఉన్నాయో ఆమెకే తెలుసు.

ఆ నెలలోనే ఒకరోజు, వరసగా మూడో సీ షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాను. చిన్నోడు స్టీలు గ్లాసు పట్టుకుని పళ్ళెం మీద వాయించడం మొదలెట్టాడు. వాడికి ఆ శబ్దం కొత్తగా దొరికింది, వదులుతాడా? నేను లేచి వెళ్ళి అరిచాను. గట్టిగానే అరిచాను. వాడు రెండు నిమిషాలు ఏడ్చి మర్చిపోయాడు. మర్చిపోనిది పెద్దది. రెండు రోజులు ఇంట్లో మునివేళ్ళ మీద నడిచింది. బొమ్మలతో కూడా గుసగుసగానే మాట్లాడింది. అరుపు కంటే ఆ గుసగుస నన్ను ఎక్కువ కుదిపింది.

ప్రాయశ్చిత్తంగా, వీక్లీ ఆఫ్ రోజు సబ్‌మెరైన్ చూపిస్తానన్నాను. షిఫ్టు మనిషికి ఆఫ్ ఎప్పుడొస్తే అప్పుడే ఆదివారం. ఆ వారం సోమవారం వచ్చింది. నలుగురం బస్సెక్కి, గాజువాక, ఎన్‌ఏడీ దాటుకుంటూ, పాల సీసా, రెండు జతల బట్టలు, బిస్కెట్ల సంచితో ఆర్కే బీచ్ చేరేసరికి ఐఎన్‌ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం గేటుకి తాళం. సోమవారం సెలవు. తప్పు నాదే, ముందు కనుక్కోలేదు. పెద్దది రోడ్డు మీదే కూర్చుంది. రోడ్డవతల ఉన్న టీయూ-142 విమానం చూపిస్తే "నువ్వు విమానం అనలేదు" అంది. న్యాయమే. చివరికి మురీ మిక్చర్ పొట్లం ఆదుకుంది. చిన్నోడికి సబ్‌మెరైనూ సముద్రమూ అక్కర్లేదు, ఒక కాకి చాలు. దాని వెనకే ఇసకలో పరుగు. అక్కడి అలలు నమ్మేవి కావు, అందుకని నేను వాడి చొక్కా కాలరు పట్టుకుని వాడి వెనకే పరుగు.

మళ్ళీ ఆఫ్ గురువారం వచ్చింది. ఈసారి లోపలికి వెళ్ళాం. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన నౌక అది, మరుసటి ఏడాది మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదగాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంత. నేను నడుం వంచి, కాలెత్తి, తల కొట్టుకుని దాటితే, పెద్దది తన ఇంటి గుమ్మం దాటినట్టు దాటేసింది. అరల్లాంటి పడకల దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ రాత్రి పడుకుంటారా?" అని అడిగింది.

అక్కడున్న గైడు పెద్దాయన వంగి చెప్పారు, "నీళ్ళ కింద పగలేంటి, రాత్రేంటమ్మా? కొందరు డ్యూటీ చేస్తుంటే కొందరు పడుకుంటారు. చప్పుడు చేయకూడదు. చప్పుడు చేస్తే శత్రువుకి తెలిసిపోతుంది."

అది నా వంక చూసింది. ఏమీ అనలేదు. తిరుగు బస్సులో గాజువాక రాకముందే నా ఒళ్ళో నిద్రపోయింది.

తర్వాతి సీ షిఫ్టు. తొమ్మిదిన్నర అయింది. పాత ఇనప సామాన్ల మైకు వీధి మలుపులో వినబడింది. నేను దిండు చెవి మీదికి లాక్కున్నాను. ఇంతలో గేటు కిర్రుమంది. మా పెద్దది గొంతు, గుసగుస కాదు, వీధంతా వినబడేలా. "అంకుల్, మైకు ఆపండి! మా నాన్న సబ్‌మెరైన్‌లో ఉన్నాడు!"

అతనికి ఏం అర్థమైందో గాని మైకు ఆగింది. బండి చక్రాలు మాత్రం గరగరమంటూ మా ఇల్లు దాటి, కుక్కను దాటి, అవతలికి వెళ్ళాక మళ్ళీ మోగింది. ఏ రోజూ లేనంత నిశ్శబ్దం. కళ్ళు బరువెక్కుతున్నాయి. చిన్న పాదాల చప్పుడు మంచం దాకా వచ్చి ఆగింది. చెవి దగ్గర వెచ్చటి ఊపిరి.

"నాన్నా, ఆపేశాడు. పడుకున్నావా?"