ఆదివారం, కొత్త ఫోన్, లాహిరి లాహిరి

పొద్దున్నుంచి వాన పడుతూ ఆగుతూ ఉంది. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది, నిన్న ఉతికిన బట్టలు వసారాలోనే తడితడిగా వేలాడుతున్నాయి, హనుమకొండ చౌరస్తా దాకా వెళ్ళాల్సిన పని ఒకటుంటే అది కూడా మానేశాను. కొత్త ఫోన్ కొని నేటికి తొమ్మిది రోజులు. దాని గురించి రాద్దామని రోజూ అనుకోవడం, రాత్రి కాగానే దాంట్లో ఏదో ఒక సినిమా పెట్టుకుని కూర్చోవడం, ఇదే అయింది. ఇవాళ రాస్తున్నాను.

పాత ఫోన్ నాలుగేళ్ళు వాడాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. రిపేర్ షాపు అబ్బాయి చేతిలోకి తీసుకుని చూసి, "అక్కా, దీన్ని ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటున్నవా?" అని అడిగాడు. అవునంటే వెంటనే స్విచాఫ్ చేసి పక్కన పెట్టేశాడు. ఉబ్బిన బ్యాటరీ లోపల గ్యాస్ చేరుతుందని, ఎక్కడైనా వంగినా గుచ్చుకున్నా అంటుకుంటుందని చెప్పాడు. అది విన్నాక దిండు పక్కన ఎన్ని రాత్రులు పెట్టుకున్నానో గుర్తొచ్చి నిజంగా టెన్షన్ పట్టుకుంది. మీలో ఎవరి ఫోనైనా మూత లేస్తుంటే దయచేసి దాన్ని వాడకండి.

కొత్తది ఇరవై వేల లోపుదే. 6.7 అంగుళాల అమోలెడ్ స్క్రీన్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 128 జీబీ. పొద్దున ఏడింటికి ఛార్జింగ్ తీస్తే రాత్రి పడుకునేటప్పటికి ఇంకా మిగులుతోంది. నచ్చనివి కూడా ఉన్నాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు, నాకు అలవాటైన వైరు ఇయర్‌ఫోన్లు డ్రాయరులో పడున్నాయి. అడగని యాప్‌లు బోలెడు ముందే ఎక్కించి ఇచ్చారు, అవన్నీ తీసేయడానికి ఒక సాయంత్రం పట్టింది. కెమెరా సంగతి నాకంత పట్టింపు లేదు, మా తులసి మొక్క ఫొటో బాగానే వచ్చింది.

నన్ను పట్టేసింది స్క్రీన్. అదీ రంగుల కోసం కాదు, నలుపు కోసం. పాత ఫోన్‌ది ఎల్‌సీడీ, అంటే బొమ్మ వెనకాల ఎప్పుడూ ఒక లైటు వెలుగుతూనే ఉంటుంది. నలుపు చూపించాలంటే ఆ వెలుతురుకి అడ్డుపడాలి, పూర్తిగా అడ్డుపడటం దానివల్ల కాదు, అందుకే చీకటి సీన్లన్నీ బూడిద పూసినట్టు కనిపించేవి. అమోలెడ్‌లో ప్రతి చుక్కా దానంతటదే వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, అంతే. షాపులో ఈ మాట చెప్పినప్పుడు తల ఊపాను గానీ, మొన్న బుధవారం రాత్రి లైట్లన్నీ ఆర్పేసి 'మాయాబజార్' పెట్టినప్పుడే అర్థమైంది.

1957 నాటి సినిమా. చిన్నప్పటి నుంచి పండగలకి టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 2010లో రంగులు వేసి విడుదల చేసినప్పుడు కూడా చూశాను, 'వివాహ భోజనంబు' దగ్గర ఆ లడ్డూలు, అరిసెలు రంగుల్లో కనిపిస్తే సంతోషమే వేసింది. కానీ ఈ పాట మాత్రం నలుపు తెలుపులోనే చూడాలని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. 'లాహిరి లాహిరి లాహిరిలో'. ఘంటసాల, లీల గొంతులు మొదలయ్యాయి, పడవ మెల్లగా కదిలింది, నీళ్ళ మీద వెన్నెల విరిగి విరిగి మెరుస్తోంది, ఆ మెరుపుల మధ్య నీళ్ళు నిజంగా నల్లగా ఉన్నాయి. ఈ సినిమాకి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ వెన్నెల గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఇన్నాళ్ళూ ఊరికే వింటూ వచ్చాను, నా కళ్ళతో చూడటం మాత్రం ఇదే మొదలు. పాత సినిమా కదా, బొమ్మ పలకలా ఉంటుంది, ఈ పొడుగు ఫోన్‌లో రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ కూడా పూర్తిగా ఆరిపోవడంతో గదిలో చీకటి ఎక్కడ ఆగిందో, ఫోన్ ఎక్కడ మొదలైందో తెలియలేదు. మధ్యలో పడవ మాత్రం ఉంది. ముందు అభిమన్యుడూ శశిరేఖా, తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ తర్వాత బలరాముడూ రేవతీ. పాట అయ్యాక వెనక్కి జరిపి మళ్ళీ చూశాను, మూడుసార్లు.

మూడు గంటలు దాటిన సినిమాని రెండు రాత్రులుగా చూశాను. పాండవులు ఒక్కసారి కూడా కనపడకుండా భారతం కథ నడిపించారని ఎవరో చెబితే గానీ ఇన్నేళ్ళూ గమనించనే లేదు. సావిత్రి గారి గురించి ఒక పేజీ విడిగా రాయాలి. మాయా శశిరేఖగా ఆవిడ నడిచేటప్పుడు లోపల ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు గారే ఉన్నారని మనం నమ్మేస్తాం, భుజం తిప్పే తీరూ, నవ్వు మధ్యలో మింగేసే గర్జనా, అన్నీ ఆయనవే.

ఆ ప్రియదర్శిని పెట్టె సీన్లు కూడా ఈసారి వేరేగా తోచాయి. తెరిచి చూసినవాళ్ళకి ఏది ప్రియమైనదో అది కనిపించే పెట్టె. శశిరేఖ అందులోనే అభిమన్యుణ్ణి చూసుకుంటుంది, 'నీవేనా నను తలచినది' అక్కడే. అది మన వీడియో కాల్ లాంటిదని అందరూ అంటుంటారు, నేనూ అనేదాన్ని. కానీ కొత్త ఫోన్ చేతిలోకి వచ్చిన మొదటి రోజు, ఇంకా ఏ ఖాతాతోనూ లాగిన్ అవకముందు, వీడియోలు తెరిస్తే నాతో ఏ సంబంధమూ లేనివన్నీ వరసగా వచ్చాయి. లాగిన్ అయ్యాక నేనెప్పుడో ఆగి చూసినవి వచ్చాయి. ఎవరో గొడవ పడుతుంటే ఆగి చూశాను కాబట్టి గొడవలు. ఆగి చూడటం వేరు, ప్రియం వేరు. ఆ పెట్టెకి ఈ తేడా తెలుసు. అందుకే ఈ తొమ్మిది రోజులూ ఫోన్ పైకి తోసినవేవీ చూడకుండా, ఏం చూడాలో నేనే పేరు టైపు చేసి వెతుక్కుంటున్నాను.

అలా వెతుక్కుని చూసిందే 'బలగం'. 2023లో వచ్చినప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పంచాయతీ ముందు తెర కట్టి వేశారు, చాలా ఊళ్ళల్లో అలాగే వేశారు, ఆ రోజు జనం ఏడుపులో సగం మాటలు వినపడలేదు. ఈసారి ప్రతి మాటా విన్నాను. బావా బామ్మర్దుల మధ్య నల్లి బొక్క (కూరలోని మూలుగ ఎముక) దగ్గర మొదలైన గొడవ ఏళ్ళకేళ్ళు నడవడం, ముసలాయన పోయాక పిట్టకు పెట్టిన ముద్ద కాకి ముట్టకపోవడం, అందరూ పైకి చూస్తూ నిలబడటం. మా ఇళ్ళల్లో అది సినిమా కాదు. కాకి రాకపోతే ఆ ఇంటి మనుషుల మొహాలు ఎలా మారిపోతాయో నేను దగ్గర్నుంచి చూశాను. చివర్లో కొమురమ్మ, మొగిలయ్య గార్ల పాట దగ్గర ఫోన్ గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాను. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయారు. ఆ గొంతు అలా దాచిపెట్టిన దర్శకుడు వేణు గారికి మా వరంగల్ వైపు వాళ్ళం రుణపడి ఉంటాం.

మధ్యలో 'కేరాఫ్ కంచరపాలెం' కూడా చూశాను, 2018ది. విశాఖలోని ఆ పేటలో ఉండే మనుషులతోనే వేషాలు వేయించారు. వాళ్ళ యాస నాకు కొన్నిచోట్ల అర్థం కాలేదు, వెనక్కి జరుపుకుని విన్నాను. అలా విన్నకొద్దీ ఇష్టం పెరిగింది.

యాస అంటే అమ్మ సంగతి రాయాలి. అమ్మకి టైపు చేయడం రాదు, అక్షరాలు వెతుక్కునేసరికి విసుగొస్తుంది. కొత్త ఫోన్‌లో తెలుగు కీబోర్డుకి మైకు ఉంది కదా, నువ్వు మాట్లాడు, అదే రాస్తుంది అని మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతికిచ్చాను. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మా అన్నయ్య కూతురికి మెసేజ్. అమ్మ ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుని, ఫోన్ మాట్లాడినట్టే గట్టిగా చెప్పింది: "బిడ్డా, ఏం జేస్తున్నవే, బువ్వ తిన్నవా, ఈడ వాన దంచుతుంది, పండుగకన్న వస్తవా రావా."

స్క్రీన్ మీద చకచకా అక్షరాలు పడ్డాయి. నాకు ఆశ్చర్యమే, ఒక్క మాట కూడా పోలేదు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది. "బిడ్డా ఏం చేస్తున్నావు, బువ్వ తిన్నావా, ఇక్కడ వాన దంచుతుంది, పండుగకైనా వస్తావా రావా" అని ఉంది. రెండోసారి చదివింది. "నేను గిట్ల అన్ననా?" అని అడిగింది. లేదమ్మా, అది సరిచేసి రాసింది అన్నాను. "తప్పేమన్నంటని సరిజేసింది?"

నాకు జవాబు దొరకలేదు. ఆమె కోపంతో అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. అర్థం చెడలేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ అందులో మా అమ్మ లేదు. 'బలగం' చూసిన రాత్రి ఇయర్‌ఫోన్లు లేక స్పీకర్లో పెడితే పక్క మంచం మీద అమ్మ లేచి కూర్చుని, "మనోళ్ళ లెక్కనే మాట్లాడుతున్నరు" అని ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది.

ఆ మెసేజ్ మొత్తం చెరిపేశాను. ఇంకోసారి చెప్పు అన్నాను, అమ్మ చెబుతుంటే నేనే ఒక్కో అక్షరం కొట్టాను. 'జేస్తున్నవే' అని కొట్టగానే కీబోర్డు పైన వేరే మాట చూపించింది, దాన్ని ముట్టుకోలేదు. 'ఈడ' అలాగే, 'పండుగకన్న' అలాగే. పంపి పావుగంట కూడా కాలేదు, జవాబు వచ్చింది: "నానమ్మా, చదువుతుంటే నీ గొంతు ఇనవడ్డది. శనివారం వస్త."

అమ్మ ఆ జవాబుని నాతో రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు వంటింట్లో సర్వపిండికి బియ్యప్పిండి ఎంతుందో చూస్తోంది, శనివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.