లైటు పచ్చగా ఉన్నంత మాత్రాన
విశాఖ సిరిపురంలో మేం ఫోన్ లైన్లు చూసే ఒక ఆఫీసులో రెండు వారాలుగా ఫోన్లో మాట మధ్య టక్కుమంటోంది, ఫ్యాక్స్ సగంలో తెగిపోతోంది. ఆఫీసు ఫోన్లని ఎక్స్ఛేంజి లైన్‌కి కలిపే గేట్‌వే పెట్టె లైటు పచ్చగానే ఉంది, అలారం ఒక్కటీ లేదు. రిసెప్షన్‌లో అక్క మాత్రం "తమ్ముడూ, రోజంతా వింటున్నది నేనే కదా" అంది. ఆవిడ మాటే నిజం. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే డిజిటల్ లైన్ ఈ1లో తప్పుల్ని లెక్కపెట్టే కౌంటర్లు తెరిస్తే ప్రతి 15 నిమిషాల లెక్కలోనూ స్లిప్ సెకన్లు! అంటే డేటా వేగాన్ని నడిపే క్లాకులు రెండు వైపులా కలవక డేటా జారిపోయిన సెకన్లు. మనకి సిగ్నల్ రాకపోతే రెడ్ అలారం, మనది అవతలికి అందకపోతే ఎల్లో. క్లాక్‌లో చిన్న తేడా ఉంటే ఏదీ మోగదు, అంకె పెరుగుతూ పోతుందంతే. ఎక్స్ఛేంజి క్లాక్ తీసుకోవాల్సిన గేట్‌వే సొంత క్లాక్‌తో నడుస్తోంది. క్లాక్ సోర్స్ లైన్‌కి మార్చి, కౌంటర్లు చెరిపేసి, గంటసేపు అక్కడే కూర్చున్నాను. సున్నా. సాయంత్రం బీచ్ రోడ్డులో ఉండగా అక్క ఫోన్ చేసింది. వెనకాల ఫ్యాన్ చప్పుడుతో సహా వినబడింది.