ట్రాక్‌సూట్ మీద షాపు పేరు

మా ఇంట్లో టీవీ ఒకటే. కానీ పక్కింటికీ మాకూ మధ్య గోడ పల్చన, అందుకని వార్తలు రెండు భాషల్లో వినబడతాయి. ఇటు అమ్మ పెట్టే తెలుగు ఛానల్, అటు పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) పెట్టే ఒడియా ఛానల్. బరంపురంలో ఇదేం వింత కాదు, చాలా వీధుల్లో ఇంతే. ఇచ్ఛాపురం వెళ్తే ఆంధ్రా. ఇక్కడ మమ్మల్ని తెలుగోళ్లు అంటారు, శ్రీకాకుళం వైపు చుట్టాలింటికి వెళ్తే "ఒరిస్సావాళ్లు వచ్చారు" అంటారు, అలవాటైపోయింది.

రెండు టీవీలు ఒకేసారి వినడం వల్ల ఒక లాభం ఉంది. ఎవర్ని ఎప్పుడు "మనమ్మాయి" అంటారో, ఆ మాటని ఎప్పుడు మెల్లగా మింగేస్తారో తెలిసిపోతుంది.

2025 నవంబర్ 2 రాత్రి అమ్మ అర్ధరాత్రి దాకా కూర్చుంది. ఎల్బీడబ్ల్యూ అంటే ఏంటో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి వన్డే వరల్డ్ కప్ మొదటిసారి గెలిచారు కదా, ఆ టీమ్‌లో కడప పిల్ల శ్రీచరణి ఉందని అమ్మకి ఎవరో చెప్పారు, ఇంక టీవీ ముందు నుంచి లేవలేదు. స్మృతి మంధానా మహారాష్ట్ర సాంగ్లీ అమ్మాయి అయినా ఆ రాత్రికి ఆమె కూడా మా వీధి పిల్లే. మూడు వారాలు తిరిగేసరికి, నవంబర్ 23న జరగాల్సిన స్మృతి పెళ్లి ఆగింది. నాన్నగారికి ఒంట్లో బాలేదని వాయిదా వేశారు. అంతే, యూట్యూబ్ నిండా ఎర్ర బాణాలు, గుండ్రాలు, ఏడుపు మొహాల ఫోటోలు. డిసెంబర్ 7న ఆమె స్వయంగా పెళ్లి రద్దయిందని రాసి, రెండు కుటుంబాలనీ కాస్త వదిలేయమని అడిగింది. ఆ అడిగిన మాటనే బ్రేకింగ్ న్యూస్ చేసి ఇంకో రోజు లాగారు.

నీతులు చెప్పే ముందు నా సంగతీ చెప్పాలి. ఆ రెండు వారాల్లో నేను ఎన్ని వీడియోలు నొక్కానో ఫోన్ హిస్టరీ చూస్తే సిగ్గేసింది. "ఏటయిందట్రా?" అని అమ్మ అడిగితే చెప్పడానికి అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అమ్మ అడిగింది ఒక్కసారే.

మనకి ఇది కొత్త జబ్బు కాదులెండి. 2016 ఆగస్టులో రియోలో సింధు వెండి పతకం గెలిచిన రోజు గుర్తుందా? కరోలినా మారిన్‌తో ఫైనల్, మొదటి గేమ్ సింధూదే, తర్వాత రెండూ పోయాయి. దేశమంతా మెచ్చుకుంటుంటే మన తెలుగువాళ్లు గూగుల్‌లో వెతికింది ఆ అమ్మాయి కులం. పేపర్లన్నీ రాశాయి, దేశం నవ్వింది. నేను బస్టాండ్ దగ్గర జెరాక్స్ షాపు నడుపుతాను. ఆ రోజు షాపుకొచ్చిన ఒక పెద్దాయన ఆధార్ కార్డు గాజు మీద పెట్టి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి "మనోళ్లేనేటి?" అన్నాడు. మనోళ్లే కదండీ, తెలుగమ్మాయే కదా అన్నాను. "అది కాదు నాయనా" అన్నాడు. నాకు తెలుసు, అది కాదని. బరంపురంలో ఒడియావాళ్ల మధ్య తెలుగు అన్న ఒక్క ముక్క చాలు మమ్మల్ని కలపడానికి అనుకునేవాణ్ణి, ఆ ముక్క లోపల ఇంకెన్ని ముక్కలున్నాయో ఆ రోజు తెలిసింది.

ఇక సానియా మీర్జా. 2010 ఏప్రిల్‌లో పాకిస్తాన్ క్రికెటర్‌తో పెళ్లికి ముందు హైదరాబాద్‌లో వాళ్లింటి ముందు కెమెరాలు గుడారాలేసుకున్నంత పని చేశాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బ్రాండ్ అంబాసిడర్‌ని చేస్తే ఒక ఎమ్మెల్యే గారు "పాకిస్తాన్ కోడలు" అన్నారు. 2016లో, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న మనిషిని టీవీలో కూర్చోబెట్టి, జీవితంలో స్థిరపడేదెప్పుడు, పిల్లలెప్పుడు అన్నట్టు అడిగారు. నేను స్థిరపడలేదని మీకెందుకనిపిస్తోంది అన్నట్టు ఆమె తిప్పికొట్టింది, అడిగినాయన అక్కడే క్షమాపణ చెప్పాడు, అది ఆయన మంచితనం. చాలామంది చెప్పరు.

నేనూ చెప్పలేదు. అసలు ఈ పోస్టు ఆ సంగతి రాద్దామనే మొదలుపెట్టాను, తిరిగి తిరిగి ఇక్కడికొచ్చాను.

మోకాలు పోకముందు నేను వెయిట్‌లిఫ్టింగ్ చేసేవాణ్ణి. మా ఊళ్లో ఈ పిచ్చి ఉంది. మా ఊరి రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం కొట్టాడు, 2014 గ్లాస్గోలో వెండి. ఆ ఢిల్లీ పతకం తర్వాత ఏ జిమ్‌కి వెళ్లినా బార్ ఖాళీ ఉండేది కాదు. నేను జిల్లా స్థాయి దాటలేదు. మోకాలు పోయాక ఒక క్లబ్బులో అమ్మాయిల టీమ్‌కి మేనేజర్ని అయ్యాను. మేనేజర్ అంటే పెద్ద ఊహించుకోకండి. ఎంట్రీ ఫారాలు నింపడం, రైలు టికెట్లు, గుడ్ల బిల్లు, అంతే.

గుడ్ల బిల్లు ఎవరు కట్టాలి? బజారులో ఒక షాపాయన ముందుకొచ్చాడు. నెలకి గుడ్లు, పాలు, పైగా ఎనిమిది ట్రాక్‌సూట్లు కుట్టించాడు, నీలం రంగు, వీపు మీద షాపు పేరు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా. షరతులేం పెట్టలేదు.

ఆ ఎనిమిది మందిలో ఒక పిల్ల ఉండేది, ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు, రెండూ కలిపి మాట్లాడేది, నన్ను "భాయ్‌నా" (అన్నయ్యా) అనేది. బాగా ఎత్తేది. స్నాచ్‌లో, అంటే బరువుని ఒక్క ఊపున తలపైకి ఎత్తేటప్పుడు, బార్ కింద కూర్చునేటప్పుడు చాలామంది పిల్లలు కళ్లు మూసుకుంటారు, ఈ పిల్ల కళ్లు ఎదురుగా గోడ మీద ఒక చోట మేకు కొట్టినట్టుండేవి.

2019లో మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర జరిగింది. రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఊరు ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. ఒక రాత్రి పదకొండింటికి షాపాయన ఫోను. "ఆ పిల్ల స్టేటస్ చూశావా? మా పేరేసుకుని జాతరలో ఎవడితోనో తిరుగుతోంది, రేపు మా షాపుకి ఆడవాళ్లు వస్తారా?" చూశాను. గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర ఫోటో. నోట్లో గుప్‌చుప్ కుక్కుకుని ఒక బుగ్గ ఉబ్బి ఉంది, గడ్డం మీద నీళ్లు కారుతున్నాయి, పక్కన ఒక కుర్రాడు పగలబడి నవ్వుతున్నాడు. పక్కకి తిరిగి నిలబడింది కాబట్టి షాపు పేరులో సగమే కనబడుతోంది. ఆ సగం కోసం షాపాయన ఫోటోని పెద్దది చేసి చూశాడు. నేనూ చేశాను.

మర్నాడు పొద్దున్నే జిమ్‌కి వెళ్తే చేతులకి చాక్ పౌడర్ రాసుకుంటోంది. టీమ్ పరువు, క్లబ్బు పేరు, స్పాన్సర్, నీ భవిష్యత్తు, అన్నీ వరసగా చెప్పాను. ఇప్పుడు తల్చుకుంటే అవన్నీ టీవీలో విన్న మాటలే. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. ఆ చేతులతోనే ఫోన్ తీసి ఫోటో తీసేసింది, స్క్రీన్ మీద తెల్లటి వేలి ముద్రలు పడ్డాయి. తర్వాత నిజంగానే అడిగింది, వెటకారం కాదు: "ట్రాక్‌సూట్ వేసుకోకుండా, చుడీదార్‌లో దిగితే పర్లేదా భాయ్‌నా?"

అదీ వద్దు అన్నాను.

షాపాయన నాతో ఆగలేదు, ఇంకెవరికో చెప్పాడు, వాళ్లు ఇంకెవరికో, చివరికి వాళ్ల నాన్న దాకా వెళ్లింది. రెండు వారాలకి జిమ్ మాన్పించేశారు. వాళ్ల తమ్ముడొచ్చి ట్రాక్‌సూట్ ఇచ్చి వెళ్లాడు, ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

ఆ ఏడాది మే నెలలోనే రన్నర్ ద్యుతీ చంద్ వార్త వచ్చింది. జాజ్‌పూర్ జిల్లా చక గోపాల్‌పూర్‌లో నేతపనివాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల, 2018 ఏషియన్ గేమ్స్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు రెండిట్లోనూ వెండి. తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది. మన దేశంలో అలా బాహాటంగా చెప్పిన మొదటి క్రీడాకారిణి తనే. ఇంట్లోవాళ్ల బెదిరింపులు తట్టుకోలేక చెప్పాల్సొచ్చిందని కూడా అంది. ఇంక చూడాలి, గోడ అవతల మావుసి టీవీ హోరు. కెమెరాలు ఊళ్లోకి దిగాయి, వాళ్లమ్మ నోటి ముందు మైకు, అక్క నోటి ముందు మైకు. ఏషియన్ గేమ్స్ అప్పుడు "మన ఒడిశా ఝిఅ" (ఒడిశా కూతురు) అని పొంగిపోయిన మావుసి ఆ రోజు "ఆ జాజ్‌పూర్ పిల్ల" అంది. ఒక్క రాత్రిలో ఒడిశా నుంచి జాజ్‌పూర్‌కి పడిపోయింది పాపం.

ఆ అమ్మాయికి ఇది మొదటిసారి కూడా కాదు. 2014లో ఒంట్లో మగ హార్మోన్ ఎక్కువుందని కామన్వెల్త్ టీమ్ నుంచి తీసేశారు. మందులు వాడినందుకు కాదు, పుట్టుకతో వచ్చిన దానికి. పద్దెనిమిదేళ్ల పిల్ల రక్తంలో ఏముందో టీ కొట్టు దగ్గర మగవాళ్లు చర్చించుకోవడం నేను విన్నాను. స్విట్జర్లాండ్‌లో ఉన్న క్రీడల కోర్టు దాకా వెళ్లి, 2015 జులైలో ఆ రూలునే నిలిపేయించి, రియోలో పరిగెత్తింది. ప్రేమ విషయం బయటపడిన రెండు నెలలకి ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల బంగారు పతకం కొట్టింది. ఆ రోజు మావుసి స్వీట్లు పంచింది, ఝిఅ మళ్లీ ఝిఅ అయింది.

వార్త వచ్చిన రోజు నేను టీవీ ముందు కూర్చుని పెద్దమనిషిలా, ఆ అమ్మాయి బతుకు ఆ అమ్మాయిష్టం, వీళ్లకెందుకు అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తకుండా "మరి ఆ గుప్‌చుప్ పిల్లకి నువ్వేటి చెప్పావురా?" అంది.

మొన్నామధ్య ఒక ఫ్రెండు వాదించాడు, వాళ్లే ఇన్‌స్టాగ్రామ్‌లో పెళ్లి వీడియోలు పెడతారు, యాడ్లలో భార్యాభర్తలు కలిసి నటిస్తారు, డబ్బులు కావాలి గానీ మాటలు పడకూడదా అని. సగం నిజమే. కానీ పెళ్లికి పిలిచారని వంటింట్లోకి పోయి కుండలు మూతలు తీసి చూడం కదా. 2022 జనవరిలో కేప్‌టౌన్‌లో కోహ్లీ ఫిఫ్టీ కొడితే స్టాండ్స్‌లో వాళ్ల పాపని టీవీవాళ్లు చూపించారు. పాప ఫోటోలు వేయొద్దని ఆ దంపతులు ముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. అయినా గంటలో అందరి ఫోన్లలో ఉంది, నాకూ ముగ్గురు పంపారు.

అన్నీ ఒక గాటన కట్టడం కూడా తప్పే. 2019 జనవరిలో క్రికెటర్లు హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్ ఒక టాక్ షోలో ఆడవాళ్ల గురించి వాగిన వాగుడు ప్రైవేటు కాదు, లైట్లు పెట్టుకుని, కెమెరా ముందు కూర్చుని అన్నది. ఆస్ట్రేలియా టూర్ నుంచి వెనక్కి పంపారు, తర్వాత తలా 20 లక్షలు ఫైన్ కట్టారు, సరిపోయింది. ద్యుతీకి 2023లో డోపింగ్ కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది, అది కూడా మనం అడగాల్సిన విషయమే, ఎందుకంటే అది ఆట. మా ఊళ్లో మాత్రం డోపింగ్ సంగతి రెండు రోజులు మాట్లాడారు, ప్రేమ సంగతి ఇప్పటికీ మాట్లాడతారు.

బోర్డులు కూడా మా షాపాయన లాగే ఉంటాయనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో మన టీమ్ టెస్టు సిరీస్ 3-1తో ఓడి వచ్చాక 2025 జనవరిలో క్రికెట్ బోర్డు బీసీసీఐ రూల్స్ పెట్టింది. 45 రోజులు దాటిన టూర్ అయితే భార్యాపిల్లలు రెండు వారాల వరకు ఉండొచ్చట, అదీ ఒక్కసారే. బ్యాట్ అంచుకి బాల్ తగలడానికీ, హోటల్ గదిలో పెళ్లాం ఉండడానికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాదు. టీమ్ అంతా ఒకే బస్సులో రావాలన్న రూలు అర్థమవుతుంది, అది టీమ్ పని.

డిసెంబర్‌లో, స్మృతి ఆ మాట రాసిన మర్నాడో ఆ పై రోజో, షాపులో చిన్న టీవీ పెట్టుకుని చూస్తున్నాను. ఎవరో కౌంటర్ మీద ఆధార్ కార్డు పెట్టి "ముందూ వెనకా రెండు కాపీలు భాయ్‌నా" అన్నారు. గొంతు వినగానే గుర్తుపట్టాను. చంకలో మూడేళ్ల బాబు. కాస్త లావైంది, భుజాలు మాత్రం అవే భుజాలు. టీవీలో అదే ఎర్ర బాణాల వీడియో నడుస్తోంది, నేను రిమోట్ కోసం వెతికితే దొరకలేదు, ఆ పిల్ల తల తిప్పి ఒక నిమిషం చూసింది. ఏదో చెప్పాలనుకున్నాను. బాబు పేరేంటి అని అడిగాను. చెప్పింది. కాపీలు ఇచ్చి డబ్బులొద్దులే అన్నాను.

"ఎంత?" అంది.

ఆరు అన్నాను. పది కాయితం ఇచ్చి, నేను చిల్లర తీసేదాకా నిలబడి, నాలుగు రూపాయలు తీసుకుని వెళ్లింది.