515 రూపాయల 35 పైసలు

ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదివే రోజులవి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పుస్తకం కావాలి. లైబ్రరీ కేటలాగ్‌లో చూస్తే, పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే నంబరు 515.35 అని, దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు. చీటీ మీద రాసుకుని రాక్ దగ్గరికి వెళ్తే 515.9 కనిపించింది. తొమ్మిది తర్వాతే కదా ముప్పై ఐదు అనుకుని ముందుకు నడిచాను. 516 వచ్చేసింది, అది జామెట్రీ! ఎవరో పట్టుకుపోయారనుకున్నాను. మర్నాడూ వెళ్లి అదే తప్పు చేశాను. పరీక్షలు దగ్గరపడుతున్నాయని టెన్షన్ ఒకటి.

మూడోరోజు, అక్కడ పుస్తకాలు సర్దే పెద్దాయన నా చీటీ చూశారు. తెలుగాయనే.

"515 రూపాయల 35 పైసలు ఎక్కువా, 515 రూపాయల 90 పైసలు ఎక్కువా అమ్మా?"

"తొంభై పైసలే బాబాయ్."

"మరి అటెందుకు పోతున్నావు?"

పుస్తకం ఎడమ పక్కనే ఉంది, నేను రెండు రోజులూ దాటేసిన అరలో. చుక్క తర్వాత ఒక్కో అంకే చూసుకుంటూ పోవాలి. 515.35, ఆ తర్వాత 515.353, ఆపైన 515.9. రెండు పుస్తకాలకి అంకెలన్నీ ఒకటే అయితే కింది అక్షరాలు చూడాలి. అవి రచయిత పేరులోవి. మన పేర్లతోనే చిక్కు. ఇంటిపేరుతో ఎక్కించారో, అసలు పేరుతో ఎక్కించారో చెప్పలేం. నేను ఇప్పటికీ రెండు చోట్లా వెతుకుతాను.

అలవాటయ్యాక తెలుగు అర కోసం వెళ్లాను. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే ఈ లెక్క 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ వేశాడు. తన దేశపు సాహిత్యానికి 810, ఇంగ్లీషుకి 820 ఏకమొత్తంగా ఇచ్చుకున్నాడు. మన తెలుగు సాహిత్యం 894.827లో, చుక్క తర్వాత మూడో అంకె దాకా పోతే గాని దొరకదు. నాకు ఒళ్లు మండింది. పక్కన తమిళం 894.811, కన్నడం 894.814. మా ఇంటి గోడకి అవతల ఉండే ఒడియా మాత్రం 891.456, బెంగాలీ, మరాఠీలతో కలిసి వేరే రాక్‌లో ఉంది. భాషా కుటుంబాన్ని బట్టి సర్దారట.

తమిళ పుస్తకాల మధ్య ఒక తెలుగు నవల ఇరుక్కుని ఉంటే తీసి, నంబరు చూసి దాని చోట పెట్టాను. మెచ్చుకుంటారనుకుంటే బాబాయ్ కేకలేశారు. "తీసింది టేబుల్ మీద పెట్టు. అరలో పెట్టడం నా పని!"