ఆరు గొంతుల్లో రెండు పోయిన జూనో

ముప్పై ఐదు వేలు అన్నాడు పెద్దాయన. పాడైపోయిన కీబోర్డుకి! పైగా "తెలుగోడివి కాబట్టి నీకు ఈ రేటు బాబూ" అని ఒక మాట. ఆ లెక్కన బరంపురంలో సగం మందికి డిస్కౌంటు ఇవ్వాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే, బడా బజార్లో ఏ కొట్టుకి వెళ్ళినా లోపల ఎవరో ఒకరు తెలుగులో తిట్టుకుంటూ వినిపిస్తారు.

నాది అమలాపురం వైపు. 2013 అక్టోబరులో పైలీన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, ఇక్కడ ఇన్వర్టర్లకి గిరాకీ బాగుంది రమ్మని మా బావ పిలిస్తే వచ్చాను. రెండేళ్ళు చూసి వెళ్ళిపోదాం అనుకున్నా. ఇంకా ఇక్కడే ఉన్నా, ఇంకా "చూసి వెళ్ళిపోదాం" అనే అంటున్నా. పెద్దాయన ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చడానికి వెళ్ళినప్పుడే మంచం కింద దుప్పటి చుట్టిన ఈ వస్తువు కంటపడింది. రోలాండ్ జూనో-106, 1984 నాటి మోడల్. ఆయన ఒకప్పుడు మెలోడీ పార్టీలో వాయించేవాడు (మనం ఆర్కెస్ట్రా అంటామే, దాన్ని ఇక్కడ మెలోడీ అంటారు), పెళ్ళిళ్ళకీ, రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకీ (ఇక్కడి అమ్మవారి జాతర).

వెనక స్టిక్కర్ మీద 100 వోల్టులు అని ఉంది, అంటే జపాన్‌లో అమ్మిన పీసు. మన 230లో నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. అదృష్టం, ఆయన దగ్గర వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ కూడా ఉంది. ఒకసారి టెంట్ హౌస్ కుర్రాడెవడో నేరుగా ప్లగ్గులో పెట్టబోతే వాడి చెంప పగలగొట్టానని గర్వంగా చెప్పాడు.

కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే ఇది టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది, ఒక్కో కీ నొక్కుతుంటే ఆరు గొంతుల్లో (ఒకేసారి ఆరు స్వరాలు పలికించే సర్క్యూట్లు) ఏది పలుకుతోందో డిస్‌ప్లేలో నంబరు పడుతుంది. 1 బాగుంది. 2 దగ్గర కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. 3, 4 బాగున్నాయి. 5 మూగ. 6 బాగుంది. మళ్ళీ 1.

ఈ మోడల్‌కి ఉన్న పేరు మోసిన జబ్బే ఇది. గొంతుకి ఒకటి చొప్పున 80017ఎ అనే ఫిల్టర్ చిప్పులు ఆరు ఉంటాయి, వాటికి పూసిన నల్లటి ఎపాక్సీ ఏళ్ళు గడిచేకొద్దీ లోపల కరెంటు లీకయ్యేలా చేస్తుంది. చిప్పు ఊడదీసి అసిటోన్‌లో నానబెట్టి ఆ పూత తీసేస్తే చాలాసార్లు మళ్ళీ పలుకుతుంది. కాకపోతే కాళ్ళు విరక్కుండా తీయాలి. అది కుదరకపోతే కొత్తగా చేసే డూప్లికేట్ చిప్పులు విదేశాల నుంచి తెప్పించాలి, కస్టమ్స్‌తో కలిపి వాచిపోతుంది. 5 మూగబోవడానికి శబ్దం పుట్టించే చిప్పు కూడా కారణం కావచ్చు గానీ, అది రెండేసి గొంతులకి ఒకటి ఉంటుంది, దీని జత బానే ఉంది. కాబట్టి నా అనుమానం 80017ఎ మీదే. బాగున్న జూనో అయితే బయట లక్ష దాటుతుంది, అది పెద్దాయనకీ తెలుసు, మనవడు ఫోన్‌లో చూపించాడట.

రాత్రి మా ఆవిడకి ఫోన్ చేశాను. డబ్బు గురించి గొడవ పడుతుందనుకున్నా. "కొనండి, మరి ఎక్కడ పెడతారండీ? మంచం తీసేస్తారా? అక్కడ ఇన్నాళ్ళలో ఒక బీరువా కూడా కొనలేదు మీరు" అంది. నిజమే. రైల్లో బెర్తు కింద పట్టని వస్తువు ఈ ఊళ్ళో ఇంతవరకూ కొనలేదు. ఇదేమో మీటరు పొడవు, పది కిలోలు. ఆ రాత్రంతా గదిలో ఏ గోడకి ఏముందో కొలుచుకుంటూ పడుకున్నా.

మళ్ళీ వెళ్ళి ఇరవై అన్నాను. పెద్దాయన మాట్లాడకుండా లోపలికెళ్ళి ఒక క్యాసెట్, మడతపెట్టిన కాగితం తెచ్చాడు. జూనోలో 128 సౌండ్లు దాచుకోవచ్చు, లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే అన్నీ గోవిందా, అందుకే వాటిని టేప్ మీదకి ఎక్కించుకునే వీలు కూడా పెట్టారు. కాగితం మీద సగం తెలుగులో, సగం ఒడియాలో: ఎ-23 సన్నాయి, ఎ-24 ఊరేగింపు, బి-11 ఠాకురాణి. ఒడియా కూడబలుక్కుని చదువుతుంటే ఆయన నవ్వాడు.

"ఇరవై రెండు. క్యాసెట్, స్టెప్‌డౌన్ ఇచ్చేస్తా. టేప్ రికార్డర్ మాత్రం ఇవ్వను, మా ఆవిడ భజనలు వింటుంది."

అంటే చిప్పులు బాగుచేశాక ఆ సౌండ్లు ఎక్కించడానికి జూనోని మళ్ళీ ఈయన ఇంటికే మోసుకురావాలి. సరే అన్నా. ఆదివారానికి ఆటో మాట్లాడుకున్నా, మంచం గోడ వారకి జరిపా.