లెక్కల సారు, నల్ల పావులు

మన పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడగగానే నాకు తట్టింది లెక్కల సారు, క్లబ్బులో నేనాడిన ఆ చదరంగం ఆట. పానగల్ పిక్నిక్, బెల్లు దొంగతనం, పొడుగోడి లవ్ లెటరు ఎవరైనా రాస్తారు. ఇది నేనే రాయాలి.

మనం బడి అరుగు మీద ఆడేటప్పుడు బంటు ఒక్కో గడే కదిలేది. మొదటి ఎత్తులో రెండు గళ్లు పోవచ్చని, రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపి కోట కట్టొచ్చని చెప్పింది సారే. విశ్వనాథన్ ఆనంద్ చదరంగంలో పెద్ద బిరుదైన గ్రాండ్‌మాస్టర్ అయిన 1988లో పేపర్లో వచ్చిన ఆయన ఫోటోను సారు స్టాఫ్ రూమ్ తలుపుకు అంటించారు, గుర్తుందా?

ఆ ఏడాదే సారు నన్ను క్లాక్ టవర్ దగ్గరి క్లబ్బుకు తీసుకెళ్లి వకీలు సాబ్ ముందు కూర్చోబెట్టారు. తెల్లవి ఆయనవి. మంత్రి ముందు బంటును రెండు గళ్లు తోశారు, నేనూ తోశా. పక్క బంటును ఎరగా వేశారు. నేను తీసుకోకుండా రాజు ముందు బంటుతో దన్ను ఇచ్చా. గుర్రాలు దిగాయి. ఆయన ఒంటె వచ్చి నా గుర్రాన్ని మంత్రికి అడ్డంగా కట్టేసింది, అంటే గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుంది. నేను రెండో గుర్రాన్ని దాని వెనక్కి తెచ్చా. బంట్లు మార్చుకున్నాక, నడిమధ్య నా బంటు ఊరికే దొరికేలా కనబడింది. ఆయన గుర్రంతో కొట్టారు.

"కట్టేసినట్టు కనబడితే చాలదురా, నిజంగా కట్టు ఉందా చూడు" అని సారు వారం రోజులు నూరిపోశారు. కట్టేసిన ఆ గుర్రంతోనే ఆయన గుర్రాన్ని కొట్టేశా. వకీలు సాబ్ నవ్వుకుంటూ నా మంత్రిని తీసుకున్నారు. వెంటనే నా ఒంటె బీ4 గడికి పోయి ఆయన రాజుకు చెక్ ఇచ్చింది. అడ్డం పెట్టడానికి మంత్రి తప్ప ఆయనకు ఇంకేమీ లేదు, అలా ఆయన మంత్రీ పోయింది. కొట్లాట అయ్యేసరికి ఒక బంటు పోయినా నాకు ఒక గుర్రం ఎక్కువ. రాత్రి లైట్లు పెట్టాక ఆట గెలిచా. వకీలు సాబ్ లేచి నిలబడి చెయ్యి కలిపారు. సారు అందరికీ ఇరానీ చాయ్ చెప్పారు.

తర్వాత సాగర్ ఎడమ కాలువ మీద ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేశా. కాంట్రాక్టర్ల బిల్లుల్లో కట్టు ఎక్కడుందో, లేదో చూడటమే నా ఉద్యోగం. ఆ పని మచ్చ లేకుండా చేశా. మా అమ్మాయి జిల్లా తరఫున ఆడింది.

2024 డిసెంబరులో మన వరంగల్ పిల్లగాడు అర్జున్ ఎరిగైసి ఆటగాడి బలాన్ని కొలిచే రేటింగులో 2800 దాటినప్పుడు మొదట ఫోన్ చేసింది సారుకే. "మంత్రి ముందు బంటు ఆడతాడా?" అన్నారు. ఆడతాడు సార్ అన్నా.

సమ్మేళనంలో భోజనాలయ్యాక పాటల పోటీ అంటున్నారు. మాకు ఒక బల్ల వదలండి. సారు వస్తానన్నారు. నల్లవి నేను తీసుకుంటా.