డాక్టర్ సీటు కోసం ముందు మాస్టర్స్ చేశా, కమిటీ లెటర్ దగ్గర మాత్రం చుక్కలు చూశా

మొన్న శుక్రవారం సీటు వచ్చింది. అమెరికాలో ఎండీ ప్రోగ్రామే (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది), ఆగస్టులో క్లాసులు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఆగితే లెటర్ ఇవ్వని మా డిగ్రీ కాలేజీ ఆఫీసు వాళ్ళ మీద జాలి పడతానేమోనని అనుమానం.

మాది గుంటూరు. మేనత్త పెట్టిన ఫ్యామిలీ పిటిషన్ ఏళ్ళ తరబడి నానీ నానీ, నా టెన్త్ అయ్యాక అందరం గ్రీన్ కార్డులతో న్యూజెర్సీ వచ్చిపడ్డాం. ఇక్కడ మామూలుగా ఇంటర్ బైపీసీ అయిపోగానే మెడిసిన్ అనేది ఉండదు, ముందు నాలుగేళ్ళ డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ అనే ఎంట్రన్స్, తర్వాత అప్లికేషన్. డిగ్రీలో మొదటి రెండేళ్ళు రాత్రుళ్ళు స్టోర్లో పని, పొద్దున్నే ఆర్గానిక్ కెమిస్ట్రీ, అలా అలా జీపీఏ 4కి 3.1 దగ్గర తేలింది. ఎండీలో చేరేవాళ్ళ సగటు 3.7 పైనే ఉంటుంది. ఎంక్యాట్ మాత్రం బాగానే కొట్టా, 528కి 514. దాని గురించి చెప్పడానికి ఏం లేదు, కూర్చుని చదివితే వస్తుంది.

అసలు కథ ప్రీ హెల్త్ ఆఫీసు, అంటే మెడిసిన్ కి వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చూపాల్సిన కాలేజీ ఆఫీసు. కొన్ని కాలేజీల్లో కమిటీ లెటర్ అని ఇస్తారు. ప్రొఫెసర్ల రికమండేషన్లన్నీ వీళ్ళే తెప్పించుకుని, మనల్ని ఇంటర్వ్యూ చేసి, పైన వాళ్ళదొకటి రాసి మొత్తం కట్టగట్టి మెడికల్ స్కూళ్ళకి పంపుతారు. కాలేజీలో ఆ పద్ధతి ఉండి నీ దగ్గర ఆ లెటర్ లేకపోతే స్కూళ్ళు ఎందుకు లేదని అడుగుతాయి. అంటే వీళ్ళు ఇవ్వకపోతే వీళ్ళు ఇవ్వలేదన్న సంగతి మళ్ళీ మనమే రాసుకోవాలన్నమాట.

ఫామ్ నింపా, నా గురించి నేనే పేజీలకి పేజీలు రాసుకున్నా, ఆ ఉత్తరాలు నేను చూడనని సంతకం పెట్టా, ప్రొఫెసర్ల వెంటపడి ఉత్తరాలు ఆఫీసుకి పంపించా. అన్నీ అయ్యాక ఇంటర్వ్యూకి పిలిచారు. అడ్వైజర్ మేడమ్ నవ్వుతూ కూర్చోమని కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పింది. ఒక గ్రాఫ్. అడ్డంగా జీపీఏ, నిలువుగా ఎంక్యాట్, నిండా చుక్కలు, సీటు వచ్చినవాళ్ళవి ఆకుపచ్చ, రానివాళ్ళవి ఎరుపు. పెన్ను పెట్టి "నువ్వు ఇక్కడ పడతావు" అంది. ఆ చుట్టుపక్కల అన్నీ ఎరుపే. మా కటాఫ్ కంటే నీ జీపీఏ తక్కువ కాబట్టి లెటర్ ఇవ్వలేం అని చెప్పి, వెంటనే అదే నవ్వుతో "పబ్లిక్ హెల్త్ గురించి ఎప్పుడైనా ఆలోచించావా?" అని అడిగింది. కటాఫ్ ఉన్నప్పుడు ఆ మాట ఫామ్ మీద ఎందుకు రాయలేదు, జీపీఏ ముందే కనిపిస్తుంటే ఇంటర్వ్యూ దాకా ఎందుకు లాగారు అని అడిగితే, ఇంటర్వ్యూ అనుభవం నీకే పనికొస్తుంది అంది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. బయట కారులో నాన్న ఉన్నాడు, "ఏమన్నారమ్మా?" అంటే "టైం పడుతుందంట" అని చెప్పేశా.

పబ్లిక్ హెల్త్ చిన్న చదువని కాదు నా బాధ. నేను అడిగింది అది కాదు కదా. నా అనుమానం ఏంటంటే బ్రోచర్లో "మా విద్యార్థుల్లో ఇంత శాతం మందికి సీట్లు" అని వేసుకుంటారు చూడండి, ఆ లెక్క చాలాచోట్ల కమిటీ లెటర్ ఇచ్చినవాళ్ళతోనే వేస్తారు, మా దగ్గరా అంతే అయ్యుంటుంది. నాలాంటోళ్ళని గుమ్మంలోనే ఆపేస్తే శాతం పెరక్క ఏమవుతుంది.

ఇంతటితో అయిందా? మెడికల్ చదువు చదవగలనని చూపించడానికి మాస్టర్స్ కి అప్లై చేద్దాం, పోనీ ప్రొఫెసర్ల ఉత్తరాలైనా పంపండి అంటే, ఆఫీసు ఫైల్లోకి వచ్చినవి విడిగా బయటికి పంపం అన్నారు. మళ్ళీ ప్రొఫెసర్ల దగ్గరికే వెళ్ళాల్సొచ్చింది. ఫిజియాలజీ సార్ అప్పటికే రిటైరైపోయాడు, కాలేజీ ఈమెయిల్ చూడట్లేదు, డిపార్ట్‌మెంట్ సెక్రటరీని కాళ్ళావేళ్ళా పడి పట్టుకుంటే ఆయనకి కబురు చేరింది. పాపం మహానుభావుడు రెండో రోజే పంపించాడు. ఇంకొకాయన "పాతది ఆఫీసులో ఉందిగా" అని నెలరోజులు తిప్పాడు. అందుకే చెప్తున్నా, ఉత్తరాలు మొదటి నుంచీ ఇంటర్‌ఫోలియో అనే ఆన్‌లైన్ సర్వీసులో పెట్టించుకోండి, అక్కడి నుంచి ఎవరికి కావాలంటే వాళ్ళకి మనమే పంపించుకోవచ్చు, ఇంకెవరి దయా అక్కర్లేదు.

బయోమెడికల్ సైన్సెస్ మాస్టర్స్ ఏడాది కోర్సు. ఇలాంటివాటిని స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్ అంటారు, జార్జ్‌టౌన్ లో, బోస్టన్ యూనివర్సిటీలో ఎప్పట్నుంచో ఉన్నాయి. మెడికల్ ఫస్టియర్ వాళ్ళతో పాటు అవే క్లాసులు, అవే పరీక్షలు, మార్కులు కూడా వాళ్ళతో పోల్చే వేస్తారు. అమ్మమ్మ ఫోన్లో "ఎమ్మెస్సీ చేసి మళ్ళీ డాక్టర్ కోర్సు ఏంటే, రివర్సులో చదువుతున్నావా?" అంది. బయోకెమిస్ట్రీలో, ఫిజియాలజీలో ఆ మెడికోల సగటు కంటే పైనే వచ్చింది నాకు, గ్రాఫ్ మేడమ్ గారికి తెలియాలి.

ఒక సంగతి మాత్రం ఎవరూ ముందు సరిగ్గా చెప్పరు. ఈ మాస్టర్స్ మార్కులు డిగ్రీ జీపీఏని వెంట్రుకంత కూడా కదిలించవు. ఎండీ స్కూళ్ళన్నిటికీ కలిపి వేసే ఆమ్‌కాస్ అప్లికేషన్లో అవి గ్రాడ్యుయేట్ అని వేరే వరసలో పడతాయి. డిగ్రీ జీపీఏ పెరగాలంటే పోస్ట్ బ్యాక్ క్లాసులు, అంటే డిగ్రీ అయ్యాక మళ్ళీ డిగ్రీ స్థాయిలోనే తీసుకునే క్లాసులు చేయాలి, అవే ఆ లెక్కలో కలుస్తాయి. 3.0 కంటే కింద ఉన్నవాళ్ళు ముందు అది చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. డీవో స్కూళ్ళకైతే (ఎండీ కాకుండా ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ ఇచ్చేవి) ఒకప్పుడు ఫెయిలైన సబ్జెక్ట్ మళ్ళీ రాస్తే పాత మార్కు లెక్కలోంచి తీసేసేవాళ్ళు, 2017లో అదీ ఎత్తేశారు. మన ఆంటీలు ఇంకా పాత లెక్కే చెప్తుంటారు, వినకండి. ఎవరి పిల్ల ప్లస్ టూ కాగానే బీఎస్ ఎండీలో (డిగ్రీ, మెడిసిన్ కలిపి ఇచ్చే కొద్దిపాటి సీట్లు) చేరిందో చెప్పడానికి ఉన్న ఓపిక ఒక రూల్ తెలుసుకోవడానికి ఉండదు మనవాళ్ళకి.

కోర్సు చదువుతూనే అప్లై చేసేవాళ్ళున్నారు, నేను చేయలేదు. ఆమ్‌కాస్ మే నెలలో తెరుస్తారు, అప్పటికి మాస్టర్స్ మొదలే కాదు, మొదటి మార్కులు డిసెంబర్ దాటితే గానీ రావు, కొన్ని స్కూళ్ళు తర్వాత పంపే అప్‌డేట్లు అసలు తీసుకోవు. కోర్సు అయ్యాక, ప్రోగ్రామ్ వాళ్ళ లెటర్ చేతిలో పెట్టుకుని వేశా. అయినా ఒక స్కూల్ సెకండరీలో (ఆమ్‌కాస్ తర్వాత ఆ స్కూలే విడిగా పంపే ఫామ్) అదే ప్రశ్న, డిగ్రీ కాలేజీ కమిటీ లెటర్ ఎందుకు లేదు? "కటాఫ్ కి అర్హత లేదు, తర్వాతి మార్కులు జతచేశాను" అని రాశా. అంతకంటే ఒక్క ముక్క రాయలేదు. సీటిచ్చింది ఆ స్కూలే.

నిన్న డిగ్రీ కాలేజీ ఆఫీసు నుంచి ఈమెయిల్, మన సక్సెస్ పేజీలో పెడతాం ఫొటో పంపమని. పంపలేదు.

లోన్ సంగతి జాగ్రత్త. ఇలాంటి మాస్టర్స్ కి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అన్‌సబ్సిడైజ్డ్ లోన్ (చదువుతున్నప్పుడే వడ్డీ పడేది) ఏడాదికి 20,500 డాలర్లే. మిగతాది ఇన్నాళ్ళూ గ్రాడ్ ప్లస్ అనే ఇంకో ఫెడరల్ లోన్ తో నెట్టుకొచ్చేవాళ్ళం, 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి అది లేదు, ప్రైవేటు అప్పే గతి. కాబట్టి డబ్బు కట్టేముందు ప్రోగ్రామ్ వాళ్ళని గట్టిగా అడగండి. మార్కులు దాటితే తప్పక పిలుస్తాం అని కొన్ని ప్రోగ్రామ్‌లు చెప్పే గ్యారంటీడ్ ఇంటర్వ్యూ అంటే సీటు కాదు, ఎంత జీపీఏ దాటితే పిలుస్తారో కాగితం మీద చూపించమనండి. ఇంత శాతం మందికి సీట్లొచ్చాయి అంటే, ఆ శాతం చేరినవాళ్ళలోనా, పూర్తిచేసినవాళ్ళలోనా, వీళ్ళు లెటర్ ఇచ్చినవాళ్ళలోనా అని అడగండి. నీళ్ళు నమిలితే వేరే ప్రోగ్రామ్ చూసుకోండి.